మిర్చి ఎరుపు, చీరాల రుమాలు, ఆ అర్థంకాని బొమ్మలు

ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ మాటెత్తితే మనవాళ్ల దగ్గర్నుంచి మామూలుగా రెండే రకాల జవాబులొస్తాయి. ఒకటి, "ఇందులో ఏముంది గురూ, మా బుడ్డోడు కూడా గీస్తాడు" అనేది. రెండోది, "ఊఁ.. చాలా డీప్‌గా ఉంది" అనేసి ఫోన్లో తల దూర్చడం. ఇద్దర్లోనూ నాకు మొదటివాళ్లే నయమనిపిస్తుంది. వాళ్లు కనీసం బొమ్మ వైపు చూశారు, చూసి అనిపించింది చెప్పారు.

తమాషా ఏంటంటే మనం రోజూ ఈ బొమ్మల మధ్యే తిరుగుతుంటాం. ఏ ఐటీ ఆఫీసుకైనా వెళ్లండి, రిసెప్షన్లో సోఫా వెనకాల ఓ పెద్ద ఫ్రేము ఉంటుంది. నాలుగు ఎర్ర మరకలు, ఓ నీలం చార, మూలన పసుపు చుక్క. ఇంటర్వ్యూకొచ్చి గంటన్నర ఎదురుగా కూర్చున్నవాడు కూడా దాన్ని చూడడు. గోడ బోసిగా ఉండకూడదని పెట్టారంతే. కుర్చీ ఎలాగో అదీ అలాగే.

నేను చెప్పదల్చుకున్నది సూటిగా చెప్పేస్తాను. ఆ బొమ్మల్ని చూడ్డానికి కావల్సిన కన్ను మన గుంటూరు, ప్రకాశం వాళ్లకి ఎప్పుడో ఉంది. పొలంలో, యార్డులో, మగ్గం మీద తయారైన కన్ను అది. అంతేకాదు, ఐరోపాలో ఆ బొమ్మలు పుట్టిన ఆ ఏళ్లలోనే మన దగ్గర కూడా రంగు బొమ్మని వదిలేసి తన కాళ్ల మీద తాను నిలబడింది. కాకపోతే మనం దానికి పేరు పెట్టలేదు, పుస్తకం రాయలేదు.

ఆగండాగండి, ఇది "ప్రపంచంలో ఉన్నవన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారు" బాపతు గోల కాదు. ఆ జబ్బు నాకు లేదు. ఎవరు ముందు అనేది కాదు ప్రశ్న. రెండు చోట్లా ఏం జరిగింది, ఒకదాన్ని కళ అనీ రెండోదాన్ని రుమాలనీ ఎందుకన్నారు అన్నది ప్రశ్న.

ముందు అక్కడి సంగతి చూద్దాం.

1896లో మాస్కోలో ఫ్రెంచి చిత్రకారుల ప్రదర్శన జరిగింది. దానికి వాసిలీ కాండిన్స్కీ అనే ఆయన వెళ్లాడు. అప్పటికాయనకి ముప్ఫై ఏళ్లు, న్యాయశాస్త్రం చదువుకున్నవాడు, ప్రొఫెసరు ఉద్యోగం వచ్చి చేతిలో ఉంది. మనవాళ్ల లెక్కలో 'సెటిల్' అయిపోయిన కుర్రాడన్నమాట. అక్కడ క్లాడ్ మోనే వేసిన ఒక బొమ్మ ముందు నిలబడ్డాడు. అదేంటో బోధపడలేదు. కేటలాగ్ తిరగేస్తే గడ్డివామి అని ఉంది. ఇంత తెలీకుండా వేసే హక్కు చిత్రకారుడికి ఎక్కడిదని ముందు కాస్త చిరాకు పడ్డాడట (చూశారా, మన బుడ్డోడి డైలాగే!). కానీ ఆ బొమ్మ మాత్రం ఆయన్ని వదల్లేదు. వామి కనపడకపోయినా రంగులు పని చేస్తూనే ఉన్నాయి. మరి బొమ్మలో వస్తువు ఉండి తీరాలా అన్న అనుమానం అక్కడ మొదలైంది. ఉద్యోగం వద్దనుకుని మ్యూనిక్ వెళ్లి బొమ్మలు నేర్చుకోవడం మొదలెట్టాడు. 1911 చివర్లో రంగుల గురించీ, రూపం గురించీ ఓ పుస్తకం అచ్చేశాడు. అప్పటికే ఆయన బొమ్మల్లోంచి కొండలు, గుర్రాలు, మనుషులు ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోతున్నారు.

అసలు జరిగిందేంటో మన తెలుగు వ్యాకరణంలోనే చెప్పొచ్చు. ఎర్ర మందారం, ఎర్ర చీర అన్నప్పుడు 'ఎర్ర' అనేది విశేషణం. ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. 'ఎరుపు' అని ఒక్కటే అంటే అది నామవాచకం. మన వృత్తి భాషలో అయితే, అప్పటిదాకా రంగు ఒక ప్రాపర్టీ. ఆ పదేళ్లలో అదే ఆబ్జెక్ట్ అయిపోయింది.

ఆ తర్వాత సంగతులు చకచకా జరిగాయి. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో ఒక ప్రదర్శన పెట్టారు. అందులో కజిమీర్ మలేవిచ్ తెల్ల నేల మీద ఒక నల్ల చదరం వేసి, దాన్ని గదిలో పైన మూలన తగిలించాడు. రష్యన్ ఇళ్లల్లో ఆ మూల దేవుడి పటానిది. మన ఇంట్లో దేవుడి గూట్లో పటాలు తీసేసి నల్ల పలక పెడితే నాయనమ్మ ఏమంటుందో ఊహించుకోండి, అంత పని అది. 1921 సెప్టెంబరులో మాస్కోలో అలెగ్జాండర్ రోడ్చెంకో మూడు కాన్వాసులు పెట్టాడు. ఒకటి మొత్తం ఎరుపు, ఒకటి మొత్తం పసుపు, ఒకటి మొత్తం నీలం. ఇక్కడితో చిత్రకళ పని అయిపోయిందని తేల్చేశాడు. అది అయిపోలేదనుకోండి, అది వేరే విషయం :)

మామూలుగా ఈ కథని నలుగురైదుగురు మేధావుల ధైర్యం కథగా చెప్తారు. ధైర్యం నిజమే. కానీ ఆ రంగులు ఎక్కడ్నుంచి వచ్చాయి, వాటి గురించిన లెక్కలు ఎక్కడ తేలాయి అని అడిగితే కథ బట్టల మిల్లు వైపు తిరుగుతుంది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

పారిస్‌లో గోబెలిన్స్ అని తివాచీ తెరలు నేసే ప్రభుత్వ కార్ఖానా ఉంది. 1824లో మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే కెమిస్ట్‌ని అక్కడ అద్దకం విభాగానికి పెద్దగా వేశారు. నలుపు నూలు సరిగ్గా నలుపుగా లేదు, వెలిసినట్టుంటోందని ఫిర్యాదులు. అంటే ఆయనకొచ్చింది ఒక బగ్ రిపోర్ట్. ఆయన అద్దకమంతా పరీక్షించి, రంగులో లోపం లేదని తేల్చాడు. ఆ నలుపుని నీలం పక్కనా, ఊదా పక్కనా నేస్తున్నారు. పక్క రంగు వల్ల కంటికి నలుపు అలా కనపడుతోంది. ఏ రంగూ ఒంటరిగా కనపడదు, పక్కన ఏముందో దాన్ని బట్టి మారుతుంది అని 1839లో పుస్తకమే రాశాడు. 1912లో రోబెర్ దెలోనే కిటికీల పేరుతో వేసిన బొమ్మల్లో కిటికీ దాదాపు మాయమై రంగు పలకలే మిగిలాయి. వాటి వెనక ఉన్నది ఈ షెవ్రూల్ సూత్రమే. అంటే చిత్రకళలో ఇంత పెద్ద మలుపుకి ఆధారం ఒక నేతశాలలో వచ్చిన కంప్లైంటు.

ఇంకోటి. దెలోనే భార్య సోనియా కూడా చిత్రకారిణే. 1911లో కొడుకు పుడితే గుడ్డ ముక్కలు అతికి ఒక బొంత కుట్టింది, ఉక్రెయిన్ పల్లెల్లో కుట్టే పద్ధతిలో. ఇవాళ ఆ బొంత పారిస్‌లో జాతీయ ఆధునిక కళా సంగ్రహంలో ఉంది. తొలి ఆబ్‌స్ట్రాక్ట్ పనుల్లో దాన్ని లెక్కేస్తారు. మా నాయనమ్మ కుట్టిన బొంత ట్రాక్టరు సీటు మీద పరిచి, చిరిగాక పారేశాం. రెంటికీ తేడా లేదని నేననను. సోనియా ఆ బొంత చూసుకుని, అదే ఆలోచన కాన్వాసు మీదకి తీసుకెళ్లింది. కానీ మొదలైంది మాత్రం బొంత దగ్గరే.

మలేవిచ్ సంగతీ అంతే. నల్ల చదరం ప్రదర్శనకి నెల ముందు, 1915 నవంబరులో, మాస్కోలో ఒక కుట్టుపనుల ప్రదర్శన జరిగింది. ఉక్రెయిన్‌లో వెర్బోవ్కా అనే పల్లెటూరి ఆడవాళ్ల కుట్టుశాల పనులు అందులో పెట్టారు. కండువాలకీ, దిండు గలీబుకీ మలేవిచ్ ఇచ్చిన డిజైన్లు అందులో ఉన్నాయి. ఆ కొత్త కళ జనం కళ్లబడిన మొదటి చోట్లలో ఒకటి పల్లెటూరి ఆడవాళ్ల సూదిపని.

అంటే ఈ కళకి గుడ్డతో చుట్టరికం దూరపుది కాదు, రక్త సంబంధమే. అది ఒప్పుకుంటే ఇక చీరాల రావచ్చు.

చీరాల ముందు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకెళ్లింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరొచ్చింది. 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా ఊరికున్న పేరు నేతదే. 19వ శతాబ్దంలోనూ, 20వ శతాబ్దం మొదటి సగంలోనూ చీరాల నుంచి అరబ్బు దేశాలకీ, తూర్పు ఆఫ్రికాకీ ఒక రకం చదరపు గుడ్డ ఎగుమతయ్యేది. దాన్నే తేలియా రుమాలు అంటారు. అరబ్బులు తలకి చుట్టుకునేవాళ్లు. ఇక్కడ ముస్లింలు, జాలర్లు లుంగీగా, తలపాగాగా వాడేవాళ్లు.

ఆ రుమాలు చూడనివాళ్ల కోసం చెప్తాను. రంగులు మూడే. ఎరుపు, నలుపు, తెలుపు. అంచులు వెడల్పుగా, ఏ పూలూ లతలూ లేకుండా ఉత్త రంగు పట్టీలు. మధ్యలో గళ్లు. గళ్లలో చిన్న చదరాలు, వజ్రాలు, మెట్లు మెట్లుగా కోణాలు. ఒక మంచి పాత రుమాలు ఫోటో, మలేవిచ్ తరం వాళ్ల బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి పేర్లు చెప్పకుండా మీ టీమ్‌లో వాళ్లకి చూపించండి. ఏది ఏదో చెప్పడానికి కాసేపు తడుముకుంటారు.

చేసే పద్ధతి చూస్తే ఇంజనీరు అనేవాడు లేచి నిలబడాలి. మామూలు నేతలో నేసేటప్పుడు డిజైన్ తయారవుతుంది. ఇక్కడ అలా కాదు. నేతకి ముందే పడుగునీ పేకనీ రెంటినీ విడివిడిగా కొలిచి, లెక్క ప్రకారం ముళ్లు కట్టి, ఒక్కో రంగులో ముంచుతారు. దీన్నే చిటికి అంటారు. మగ్గం ఎక్కించేసరికి బొమ్మంతా దారాల్లోనే ఉంటుంది. పడుగులో ఎర్ర ముక్క, పేకలో ఎర్ర ముక్క సరిగ్గా ఒకే చోట కలిస్తేనే నిండు ఎరుపు. అర సెంటీమీటరు జరిగితే గడి చెదిరిపోతుంది. టెస్ట్ చేసుకోవడానికి ఎన్విరాన్‌మెంట్ ఏమీ లేదు, నేరుగా ప్రొడక్షనే. అందుకే చదరాలూ మెట్లూ ఎక్కువ. ఈ పద్ధతిలో తేలిగ్గా పలికే రూపాలవి.

రంగు కథ ఇంకా బాగుంటుంది. మన తీరంలో చిరివేరు అని ఒక చిన్న మొక్క వేరు నుంచి ఎర్ర అద్దకం తీసేవాళ్లు. 1611లో ఇంగ్లీషు ఓడ గ్లోబ్ నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకి వచ్చింది మన రంగు గుడ్డల వ్యాపారం కోసమే. ఆ వేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్మన్ అనే ఇద్దరు కెమిస్టులు తారు నుంచి తీసిన సరుకుతో దాన్ని కార్ఖానాలో చేసే దారి కనిపెట్టారు. 1869 జూన్‌లో లండన్‌లో పేటెంట్ కోసం వీళ్ల తరఫునా, పెర్కిన్ అనే ఇంగ్లీషాయన తరఫునా ఒక్క రోజు తేడాతో దరఖాస్తులు పడ్డాయి. అప్పట్నుంచి వేళ్లతో రంగు తీసేవాళ్ల బతుకులు ప్రపంచమంతా కూలిపోయాయి, మన తీరంతో సహా. 20వ శతాబ్దం మొదటికల్లా చీరాల నేతగాళ్లు కూడా కార్ఖానా అలిజరిన్‌కి మారారు. కానీ పాత పద్ధతి మాత్రం వదల్లేదు. నూలుని రోజుల తరబడి నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెట్టి, పిండి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి అప్పుడు ఎరుపు పట్టించేవాళ్లు. తేలియా అన్న పేరు ఆ నూనె వల్లే వచ్చింది.

ఇదే అలిజరిన్ ఎర్రరంగు ట్యూబుల్లో నింపి చిత్రకారులకి కూడా అమ్మారు. పారిస్, మ్యూనిక్ చిత్రకారుల పెట్టెలో ఉన్న ఎరుపూ, చీరాల గోలెంలో ఉన్న ఎరుపూ ఒకే పరిశ్రమ సరుకు, ఒకే కాలంలో. ఆధునికత అంటే అక్కడ పుట్టి యాభై ఏళ్ల తర్వాత మన ఊరికి బస్సెక్కి వచ్చిందని మనకి అలవాటైన కథ. రంగు విషయంలో అది తప్పు. కొత్త రసాయనం, కొత్త ఓడ దారులు, దూరదేశాల గిరాకీ, వాటికి తగ్గట్టు మారిన డిజైను, ఇవన్నీ చీరాలకి అప్పుడే వచ్చాయి. ఆ తర్వాతి రుమాళ్లలో విమానాలు, గడియారాలు కూడా నేశారు. కొత్త ప్రపంచం వచ్చిందని వాళ్లకి ఎవరూ లెక్చర్ ఇవ్వక్కర్లేకపోయింది.

ఇక్కడ మీరొక ప్రశ్న వెయ్యాలి, వెయ్యకపోతే నేనే వేస్తాను. నేతగాడు ఆర్డరు ప్రకారం నేశాడు. మలేవిచ్ 'బొమ్మంటే ఏంటి' అని ప్రశ్న వేశాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఒకటి కావు. నల్ల చదరం ఒక వాదన. అది ఎవరి తలకీ చుట్టుకోడానికి కాదు. గదిలో దేవుడి మూలన ఎక్కి కూర్చుని అప్పటిదాకా ఉన్న చిత్రకళ మొత్తాన్ని నిలదీసింది. రుమాలు ఎవర్నీ నిలదియ్యలేదు. ఆ తేడా నేను చెరిపెయ్యను. కానీ మూడే రంగులతో, ఏ బొమ్మా లేకుండా, ఎంత వెడల్పు ఎరుపు పక్కన ఎంత నలుపు పెడితే కంటికి నిండుగా ఉంటుందన్న నిర్ణయం ఉంది చూడండి, అది ఆర్డర్లో రాసి రాదు. అది కన్ను చేసే పని. ఆ పనిలో ఇద్దరూ ఒకే చోట ఉన్నారు. వాదన ఒకరు రాశారు, ఇంకొకరు రాయలేదు. మనకీ తెలుసుగా ఇది. బ్రహ్మాండంగా నడిచే కోడ్ రాసి డాక్యుమెంటేషన్ రాయనివాడి పేరు రిలీజ్ మెయిల్లో ఉండదు.

చీరాల దాటి, కృష్ణ దాటి బెజవాడ వెళ్తే అదే కాలంలో ఇంకో సంగతి కనపడుతుంది. 1921 మార్చి చివర్లో అక్కడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు అక్కడే గాంధీకి జెండా నమూనా ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ, పైన రాట్నం. తెలుపు కూడా చేర్చమని గాంధీ అన్నాడు. మధ్యలో రాట్నం బొమ్మ ఉంది, నిజమే. కానీ మాట్లాడే పని రంగులకే అప్పజెప్పారు. ఏ రంగు ఎవరిది, ఎంత వాటా, ఏది పైన అన్నదాని మీద పదేళ్లు వాదించుకున్నారు. చివరికి 1931లో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేసి, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదని ప్రకటించారు. రోడ్చెంకో మాస్కోలో మూడు రంగులు గోడకి తగిలించింది ఆ 1921లోనే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశమే లేదు. అన్నట్టు, పత్తి మీద చేసిన పరిశోధన వల్ల వెంకయ్య గారిని పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవాళ్లు. మన జెండా రంగులు ఎంచిన కన్ను, పత్తిని పరీక్షించిన కన్ను ఒకటే.

ఇక పత్తి, మిర్చి దగ్గరికే వద్దాం. మాది పర్చూరు వైపు పల్లె, నల్లరేగడి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిర్చి, ధర తగ్గితే ఏడుపు. అక్కడ పెరిగినవాడికి రంగనేది అలంకారం కాదు, బ్యాంకు అప్పు. కల్లంలో కాయ ఆరబోశాక ఒక్క వాన పడితే చాలు, ఎరుపు చచ్చి తెల్లమచ్చ తేలుతుంది. అదే తాలు. ఆడవాళ్లు వరసగా కూర్చుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తాలు ఏరుతుంటారు. వాళ్ల చేతులు చూడండి. కాయ పట్టుకుని ఆలోచించరు. ఈ ఎరుపు ఇటు, ఆ ఎరుపు అటు. ఆకారం కాదు, పొడుగు కాదు, ఉత్త రంగు. గుంటూరు యార్డులో కొనేవాడు టిక్కీలోంచి గుప్పెడు మచ్చు తీసి, వెలుతుర్లో తిప్పి చూస్తాడు. డీలక్సా, మీడియమా, తాలా అన్నది అక్కడే తేలిపోతుంది. మా నాన్న ఏడాది కష్టం ఆ మూడు సెకన్లలో ఉంటుంది.

ఎగుమతిదార్లు ఇప్పుడు దాన్ని అంకెలో చెప్తారు. అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ పద్ధతిలో కారాన్ని అసిటోన్‌లో కలిపి, 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీలుస్తుందో కొలిచి, ఆస్టా విలువ అంటారు. బాడిగ రకానికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. తేజకి ఘాటు ఎక్కువ. రంగు మాత్రమే పిండి తీసి, ఆ ఓలియోరెజిన్‌ని ఆహార పదార్థాల్లోనూ, సౌందర్య సాధనాల్లోనూ వాడతారు. కాయలోంచి ఎరుపుని విడదీసి ఎరుపుని ఎరుపుగానే అమ్మడం! కాండిన్స్కీ వింటే ముందు ఎగిరి గంతేసి, ఆ తర్వాత ధర విని దిగులుపడేవాడు.

పత్తిదీ అదే కథ. వాన తగిలి పచ్చబారితే గుడ్డి పత్తి, ధర పడిపోతుంది. మిషన్ మీదైతే తెలుపుకి ఎంత మెరుపు, ఎంత పసుపు అని రెండు అంకెలొస్తాయి. మలేవిచ్ 1918లో తెలుపు మీద తెలుపు అని ఒక బొమ్మ వేశాడు. న్యూయార్క్‌లో మోమాలో ఉంది. వాలుగా ఒక తెల్ల చదరం, చుట్టూ ఇంకో రకం తెలుపు. నెట్‌లో జనం ఎక్కువగా వెక్కిరించే బొమ్మల్లో అదొకటి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు దాన్ని ఫోన్లో మా నాన్నకి చూపించి, "ఏంటి నాన్నా ఇది?" అన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వెలుతురు కోసం ఫోను అటూ ఇటూ తిప్పి, "లోపలిది మంచి తెలుపు. బయటది కొంచెం గుడ్డిబారింది. రెండూ కలిపి ఎందుకు పెట్టాడ్రా?" అన్నాడు.

ఆ ప్రశ్నే కావాలి. మ్యూజియంలో ఆ బొమ్మ ముందు నిలబడ్డవాళ్లలో చాలామందికి రెండు తెలుపులున్నాయనే తట్టదు. రైతుకి తట్టింది. ఎందుకు పెట్టాడని అడిగాడు. ఆ తర్వాత మేం పావుగంట మాట్లాడుకున్నాం.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచను. యార్డులో కన్ను పదునైందే కానీ అది ధర దగ్గర ఆగిపోతుంది. ఎరుపు ఎంత అందంగా ఉందని అక్కడ ఎవరూ చూడరు, చూసే తీరిక ఉండదు. వేలం అయిపోయాక ఆ ఎరుపుతో ఇంక పనిలేదు. ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మ మొదలయ్యేది సరిగ్గా అక్కడే, ధర తేల్చే పని అయిపోయిన చోట. కన్ను అదే, పని వేరు. మా ఊళ్లో వాళ్లకి ఆ రెండో పనికి టైమ్ లేకపోయింది. మనకి ఉంది. నెల మొదటి రోజున జీతం పడే మనలాంటివాళ్లకి, రంగు వంక ధర కోసం కాకుండా చూసే వీలు మన కుటుంబాల్లో మొదటిసారి దొరికింది. ఆ వీలుని మనం గోడ మీది ఫ్రేముని పట్టించుకోకపోవడానికి వాడుతున్నాం. నా బాధంతా అదే.

కాన్వాసు మీద మనవాళ్లు ఇవన్నీ ఎప్పుడు పట్టుకున్నారంటే, కాస్త ఆలస్యంగానే. 1922 డిసెంబరులో కలకత్తాలో కాండిన్స్కీ, పాల్ క్లే వాళ్ల పనులతో బౌహౌస్ ప్రదర్శన జరిగింది. ఆ కాలంలో రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు మనుషుల్నే అద్భుతంగా వేస్తున్నారు. 1925లో ముప్ఫై నిండకుండానే పోయారు. 1936లో గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు గారు మద్రాసులో చదివి, లండన్ స్లేడ్ స్కూలుకి వెళ్లి, చికాగోలో స్థిరపడి, ఆబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. మన బ్యాచ్‌లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో మీరే చెప్పండి. అంటే కాన్వాసు కన్నా ముందే మన దగ్గర ఆ పని గుడ్డ మీద జరిగింది. మనం దాన్ని కళల లెక్కలో కాకుండా చేనేత లెక్కలో రాసుకున్నాం.

లెక్కలు తిరగరాయడం అసాధ్యమేమీ కాదు. స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ 1906, 1907లలోనే వస్తువులేని పెద్ద పెద్ద బొమ్మలు వేసింది. తను పోయాక ఇరవై ఏళ్ల దాకా వాటిని ఎవరికీ చూపించొద్దంది. 1944లో పోయింది. 1986లో గానీ లోకం సరిగ్గా చూడలేదు. 2018లో న్యూయార్క్‌లో గుగెన్‌హైమ్ మ్యూజియంలో పెడితే జనం విరగబడి చూశారు. వందేళ్ల చరిత్రలో మొదటి పేజీ మార్చాల్సొచ్చింది. ఆవిడ నోటుబుక్కులు రాసిపెట్టుకుంది కాబట్టి అది సాధ్యమైంది. చీరాల నేతగాళ్లవి నోటుబుక్కులు లేవు. ఎవరు ఏ రుమాలు కట్టారో పేర్లు లేవు. మిగిలిన రుమాళ్లే ఉన్నాయి, అవి కూడా చాలా వరకు ఎక్కడో మ్యూజియం పెట్టెల్లో.

చీరాలలో ఈ నేత దాదాపు ఆగిపోయింది. నల్గొండ వైపు పుట్టపాకలో బతికింది. అక్కడి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు పత్రం సరుకుకి రక్షణ ఇస్తుంది. దాన్ని చూసే కన్నుకి ఇవ్వదు. కన్ను మనం చూస్తేనే ఉంటుంది.

అందుకని పెద్ద కోరికలేం లేవు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పాత ట్రంకు పెట్టె తెరిపించండి. చీరాల, వేటపాలెం వైపు చుట్టాలుంటే పాత రుమాలు ముక్క ఏదైనా ఉందేమో అడగండి. దొరికితే పగటి వెలుతుర్లో ఫోటో తీసి, ఎవరు నేశారో, ఎవరు కట్టుకున్నారో పెద్దవాళ్లని అడిగి పేరూ ఊరూ రాసిపెట్టండి. ఇంత డేటా దాచే మనం ఈ నాలుగు వరసలు దాచలేమా? అలాగే ఆఫీసు గోడ మీదున్న ఆ ఫ్రేము ముందు ఒక్కసారి, టీ చల్లారేలోపు, నిలబడండి. అర్థం వెతక్కండి. మిర్చి మచ్చు చూసినట్టు చూడండి. ఎరుపెంత, పక్కనేముంది, అది తీసేస్తే ఈ ఎరుపు ఏమవుతుంది అని. బాగోలేకపోతే బాగోలేదనండి, చాలావరకు బాగోవు కూడా, ఆఫీసు ఫ్రేముల్లో తాలే ఎక్కువ. కానీ ఏరగలిగే కన్ను మనకుంది. దాన్ని వాడుకుని, ఆ తర్వాత తిట్టండి.